కడుపులో పుండు.. వంశానిదా, బస్తీదా?

హైదరాబాద్‌: ‘మా నాన్నకూ అల్సరే. నాకూ అదే వచ్చింది. మా వంశంలోనే ఉంది’. కడుపు మంటతో ఆసుపత్రి మెట్లెక్కే చాలామంది నోట వినిపించే మాట ఇది. తండ్రికి వచ్చిన జబ్బు కొడుక్కీ రావడం నిజమే కావచ్చు. అది రక్తంలో వచ్చిందా, ఒకే ఇంట్లో ఒకే బిందె నీళ్లు తాగడం వల్ల వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. వంశానిదే తప్పయితే ఎవరినీ నిలదీయలేం. బస్తీదయితే జవాబు చెప్పాల్సినవారు ఉన్నారు.

మసాలా కాదు.. సూక్ష్మజీవి

కారం, మసాలా, మానసిక ఒత్తిడే జీర్ణాశయపు పుండ్లకు మూలమని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని 1980వ దశకంలో ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్‌ వారెన్‌, బ్యారీ మార్షల్‌ తోసిపుచ్చారు. ఎక్కువ పుండ్లకు హెలికోబ్యాక్టర్‌ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని తేల్చారు. 2005లో వారికి నోబెల్‌ బహుమతి దక్కింది. దీనిని క్యాన్సర్‌ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది. సాధారణంగా బాల్యంలోనే సోకే ఈ క్రిమి చికిత్స లేకుంటే జీవితాంతం కడుపులోనే తిష్ఠ వేస్తుంది. సోకినవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు.

అమెరికా చెబుతున్న పాఠం

అమెరికాలో 1988-91 మధ్య జరిగిన జాతీయ సర్వేలో శ్వేతజాతీయుల్లో 26 శాతం, నల్లజాతీయుల్లో 53 శాతం, మెక్సికన్‌ సంతతివారిలో 62 శాతం మందికి ఈ క్రిమి సోకినట్లు తేలింది. ఆగ్నేయ రాష్ట్రాల్లోని పేదలపై చేసిన మరో అధ్యయనం 2011లో వెలువడింది. ఆఫ్రికా వంశాంశం పెరిగేకొద్దీ సోకే అవకాశమూ పెరుగుతోందని అది గుర్తించింది. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. క్రిమి సోకేది పసితనంలో. పరిశోధకులు లెక్కించేది పెద్దయ్యాక వచ్చే ఆదాయం. నేటి జీతాన్ని బట్టి నాటి ఇరుకు ఇంటిని అంచనా వేయలేం. నల్లజాతి కుటుంబాలను తరతరాలుగా కొన్ని వాడలకే పరిమితం చేసిన దేశంలో వంశాన్ని, వాడను విడదీసి చూడటం సులభం కాదు.

జపాన్‌ అనుభవం మరింత స్పష్టం. అక్కడ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పుట్టినవారిలో అత్యధికులకు ఈ క్రిమి ఉండేది. నేటి పిల్లల్లో అది అరుదు. రెండు మూడు తరాల్లో వంశం మారదు. మారినవి నీరు, ఇల్లు, మురుగు పారుదల.

మన నగరంలో..

హైదరాబాద్‌లో 500 మందిపై జరిపిన అధ్యయనం 2007లో సింగపూర్‌ మెడికల్‌ జర్నల్‌లో ప్రచురితమైంది. బావినీరు తాగేవారిలో 92 శాతం, కుళాయి నీరు తాగేవారిలో సుమారు 75 శాతం మందికి క్రిమి ఉంది. పేదల్లో, ఇరుకు ఇళ్లలో మరింత ఎక్కువ. అదే ఏడాది నగర శాస్త్రవేత్తలు మరో సంగతి వెల్లడించారు. భారతీయుల కడుపులోని ఈ క్రిమి మూలాలు ఐరోపా రకాలతో కలుస్తున్నాయన్నది దాని సారాంశం. మనిషి ఆఫ్రికా నుంచి బయలుదేరిన నాటి నుంచీ ఇది అతనితోనే పయనిస్తోంది. వాపు తీవ్రతపై మన జన్యువుల ప్రభావం కూడా కొంత ఉంటుంది. అంటే వంశం పాత్ర లేకపోలేదు. కానీ బావినీటి ఇంట్లో క్రిమి ఎందుకు ఎక్కువో వంశం చెప్పదు.

2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పలువురు మరణించారు. ప్రాణాలు పోయాక గాని యంత్రాంగం కదలలేదు. ఈ క్రిమి అలా ఒక్కరోజులో చంపదు. పిల్లల కడుపులో చేరి దశాబ్దాల తర్వాత పుండుగానో, క్యాన్సర్‌గానో బయటపడుతుంది. కాబట్టే దీనిపై ధర్నాలు జరగవు, విచారణలూ ఉండవు.

ఇవి మరవొద్దు

* కడుపు మంట వారాల తరబడి తగ్గకున్నా, మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా వైద్యుణ్ని కలవాలి.
* శ్వాస, మల పరీక్షలతో క్రిమిని గుర్తించవచ్చు.
* సాధారణంగా రెండు వారాలు మందులు వాడాలి. మధ్యలో మానేస్తే క్రిమి మొండికేస్తుంది.
* నొప్పి మాత్రలు అతిగా వాడినా పుండ్లు పడతాయి.

మాత్రలు ఒక రోగిని బాగుచేస్తాయి. అతని పిల్లలకు అదే జబ్బు రాకుండా ఆపాల్సింది మాత్రం శుభ్రమైన కుళాయి నీరు, మూసిన మురుగు కాలువే. వంశాన్ని నిందించి ఊరుకుంటే ఆ రెండూ రావు.