వాడకం తగ్గిస్తే ధర దిగుతుందా?

"బండి తక్కువ తీయండి, చమురు ధర దానంతటదే దిగుతుంది" అని మనకు హితవు చెబుతున్నారు. దమ్ము చేసే ట్రాక్టరును సగం మడిలో ఆపుతామా? ఉద్దానం జీడి బస్తాలను పలాసకు నెత్తిన మోస్తామా?

సరే, 2020 లాక్‌డౌన్‌లో సుమ్మాదేవి నుంచి ఢిల్లీ దాకా బళ్లు ఆగాయి. ముడిచమురు పాతాళానికి పడింది. బంకులో ధర దిగిందా? మే నెలలో కేంద్రం లీటరు డీజిల్‌పై 13, పెట్రోలుపై 10 రూపాయలు సుంకం పెంచింది. డీజిల్‌పై కేంద్ర సుంకమే 31.83 రూపాయలైంది. మనం మిగిల్చింది ఖజానా మింగింది. రాష్ట్ర వ్యాట్ వేరే. (ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో డీజిల్ చవక. అక్కడివాళ్లు మనకంటే పొదుపరులనా?)

మరి ఎప్పుడు దిగింది? 2021 నవంబరులో, ఉప ఎన్నికల ఫలితాల మర్నాడు డీజిల్ సుంకం 10 రూపాయలు తగ్గించారు. ఓట్లు తగ్గాక రైతు గుర్తొచ్చాడు. వ్యవసాయ డీజిల్‌పై పన్ను ఎత్తేయాలని ఓటు అడగడానికి వచ్చే ప్రతివాడినీ నిలదీద్దాం.