పిల్లలతో ప్రయాణం – పెద్దల తొందర

పలివెలలో కొప్పులింగేశ్వరుని దర్శించి, రాజోలు మీదుగా సముద్రతీరాన ఉన్న అంతర్వేదికి పిల్లలతో కారులో వెళ్ళే కుటుంబాలు అనేకం. మధ్యాహ్నం ఆలస్యమగునేమోనని పెద్దలు పూరీలు కొసరి కొసరి తినిపిస్తారు. దారిలో వాంతులైతే పిల్లవాని బలహీనత అంటారు. ఇది న్యాయం కాదు. లోచెవి కదలికను గ్రహిస్తుండగా కన్ను సెల్‌ఫోనుపై నిలవడమే ఈ వికారానికి మూలం. 2 నుండి 12 ఏళ్ళ వారికి ఇది అధికం. నిండు కడుపు దానిని పెంచుతుంది.

కనుక రెండు ఇడ్లీలతో బయలుదేరండి. చూపును ఎదుటి దారిపై, దూరపు కొబ్బరితోటలపై నిలపమనండి. మధ్యమధ్య బండి ఆపి గాలి పీల్చనివ్వండి. చిటికెడు శొంఠిపొడి తేనెతో ఇస్తే కొందరికి ఉపశమనం కలుగుతుంది. శీతలపానీయాలకు బదులు అప్పుడే కొట్టిన కొబ్బరిబొండాం మేలు. వాంతులు ఆగకున్నా, బిడ్డ మగతగా ఉన్నా గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని చేరండి. గంట ఆలస్యమైనా సాగరసంగమం అక్కడే ఉంటుంది.