ముసురులో చిలికా ప్రదక్షిణం

వానాకాలంలో చిలికా చుట్టూ సైకిళ్ల మీద తిరిగి వస్తామని మేమిద్దరం అన్నప్పుడు ఆఫీసులో నవ్వని వారు లేరు. నలభై దాటిన గుమాస్తాలకు ఇదేం పోయేకాలమని ఇంట్లోనూ అన్నారు. అయినా 2018 ఆగస్టులో సెలవు పెట్టి బరంపురం నుంచి బయలుదేరాము.

రంభ, బాలుగావ్ మీదుగా పూరీ దాకా చెప్పవలసింది తక్కువ. నైరుతి గాలి వీపును తోస్తూ ఉంటే అదంతా మా కాళ్ల బలమే అనుకొని మురిసిపోయాము. సాతపడాలో సైకిళ్లతో సహా పడవెక్కి జహ్నికుడా ఒడ్డున దిగాక, అదే గాలి ఎదురు తిరిగింది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండే చిలికా వానల్లో 1,165 దాకా పెరుగుతుందట. పుస్తకంలో అది అంకె. అక్కడ మాత్రం ఏది పొలమో ఏది సరస్సో తెలియలేదు. (పక్షులను చూశారా అని అందరూ అడుగుతున్నారు. అవి వచ్చేది చలికాలంలో. ఈ రోజుల్లో నలబన దీవే నీళ్లలో ఉంటుంది.)

బురద మడ్‌గార్డులో ఇరుక్కొని చక్రం తిరగదు. పుల్లతో పొడిచి తీయడం, పది గజాలు పోవడం, మళ్లీ దిగడం. పాలూరు దాటాక చీకటి పడుతూండగా బ్రేకులు పట్టక మాలో పెద్దవారు పడిపోయారు. మోకాలు వాచింది. వాన హోరులో దారి కనబడదు. సముద్రం వైపు ఒక దీపం చూసుకొని నడిచాము.

“ఎవులు బాబూ? ముద్దయిపోనారు, లోనికి రండి!”

తెలుగు! అది నోలియాల పల్లె. ఆ ముసలమ్మ పొడిబట్టలిచ్చి, ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది. వాచిన మోకాలికి ఉప్పుకాపడం పెట్టింది. మా సంచిలో ఈ పత్రిక కిందటి సంచిక తడవకుండా ఉంది. చదివి వినిపించమని మనవడి చేతికిచ్చింది. వాడు నాలుగో తరగతి, ఒడియా బడి. నోరారా తెలుగు మాట్లాడే పిల్లవాడు పేజీ చూసి తెల్లబోయాడు. చాలాసేపు వెదికి ‘ఠ’ మీద వేలు పెట్టి, “ఇది మా బడిలోదే. నడుమ ఈ చుక్కేటి?” అన్నాడు.

మాకు జవాబు తోచలేదు. వాణ్ణి చూసి జాలిపడే అర్హతా లేదు. మా ఇద్దరి ఇళ్లలోనూ పిల్లలు తెలుగు మాట్లాడతారు. మేము రాసే ఈ శీర్షిక చదవలేరు. తీరిక లేదని ఇన్నేళ్లు సరిపెట్టుకొన్నాము. సైకిలు యాత్రకు మాత్రం తీరిక దొరికింది.

తెల్లవారాక అట్ట మీద అచ్చులన్నీ రాసి ఆ సంచిక వాడికే ఇచ్చి వచ్చాము. ప్రదక్షిణం పూర్తయిందని ఆఫీసులో చెప్పుకొన్నాము గాని, అది అబద్ధం. మోకాలి మూలాన హుమ్మా దాకా సరుకుల ఆటోలో, సైకిళ్ల పక్కన కూర్చుని వచ్చాము. మిగిలిన ఆ ముక్క తొక్కడానికి చలికాలంలో మళ్లీ వెళ్తున్నాము. ఈసారి మా పిల్లలూ వస్తామంటున్నారు. వాళ్లకు ఇప్పటికి ‘ఋ’ దాకా వచ్చింది.