బిడ్డ పేరు చెప్పి

2011 జనవరి. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, మౌంటెన్ హోమ్ అనే ఊరు. అక్కడి ఒక సూపర్ మార్కెట్‌లో ‘అస్ వీక్లీ’ పత్రిక ముఖచిత్రం కనబడకుండా అడ్డంగా ఒక పలక పెట్టారు. దుకాణానికొచ్చే పిల్లల్ని కాపాడటానికే ఈ ఏర్పాటని దానిమీద రాశారు. ఆ బొమ్మలో ఉన్నది గాయకుడు ఎల్టన్ జాన్, ఆయన సహచరుడు డేవిడ్ ఫర్నిష్, వాళ్ల చేతుల్లో నెల పసికందు. 2010 క్రిస్మస్ నాడు సరోగసీ ద్వారా పుట్టిన బిడ్డ. జనం నిరసన తెలిపాక పలక తీసేశారు. కానీ ఎవరి పేరు చెప్పి దాన్ని పెట్టారో ఆ పిల్లలందరిలోకీ చిన్నవాణ్ణే దాని వెనక దాచారు.

‘వాళ్లిద్దరూ ఎట్లా బతికినా మాకు పట్టింపు లేదు, పాపం ఆ బిడ్డ గతేమిటి?’ అని మర్యాదస్థులు అంటుంటారు. జాలిగా వినిపిస్తుంది కాబట్టి ఎదురు చెప్పడానికి మనం జంకుతాం. అది జాలి కాదు. 2018 ఫిబ్రవరిలో బ్రిటిష్ డైవర్ టామ్ డేలీ, ఆయన భర్త తమకు బిడ్డ పుట్టబోతున్నట్టు చెప్పారు. వాళ్ల చేతిలో ఉన్నది స్కానింగ్ ఫొటో మాత్రమే. ఇంకా కళ్లు తెరవని ఆ శిశువు మీద లండన్ పత్రికల్లో దుమారం రేగింది. 2021లో అమెరికా రవాణా మంత్రి పీట్ బూటజెజ్ తన భర్తతో కలిసి పెంచుకుంటున్న కవలల కోసం సెలవు పెడితే, పాలివ్వడం నేర్చుకుంటున్నాడేమోనని టీవీ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ ఎగతాళి చేశాడు. ఆ రోజుల్లోనే కవలల్లో ఒకరు వెంటిలేటర్ దాకా వెళ్లొచ్చారు. బిడ్డ మీద దిగులున్నవాళ్లు మాట్లాడే తీరు ఇదేనా?

తల్లి పోయిన పిల్లల్ని తండ్రీ బాబాయీ కలిసి పెంచిన ఇళ్లు మన వీధుల్లో లేవా? నీళ్లు పోసి, తల దువ్వి, అన్నం కలిపి పెట్టిన ఆ మగవాళ్లను ఊరు మెచ్చుకుంటుంది. పిల్లలకు కావలసింది నిలకడగా ప్రేమించే పెద్దలని, స్వలింగ తల్లిదండ్రుల దగ్గర పెరగడం వల్ల వాళ్లకు హాని లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013లోనే తేల్చింది.

ఎల్టన్ జాన్‌కు డబ్బుంది, లాయర్లున్నారు, సరోగసీకి అండగా నిలిచే కాలిఫోర్నియా చట్టం ఉంది. పేరూ డబ్బూ లేనివాళ్లకు ఏముంది? హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు కాదంది. జంటగా దత్తత తీసుకునే హక్కుకూ 3–2 మెజారిటీతో తలుపు మూసింది.

మన దత్తత నిబంధనల్లో ఒంటరి మగవాడు మగబిడ్డను తెచ్చుకోవచ్చు. అదే మనిషి తన తోడుతో కలిసి, ఇద్దరం పెంచుతామని అడిగితే కుదరదు. ఒక్కరు చాలట, ఇద్దరు కూడదట! రేపు ఆ బిడ్డకు ఆ ఒక్క తండ్రీ దూరమైతే, పక్కనే ఉండి పెంచిన రెండో మనిషి చట్టం దృష్టిలో పరాయివాడు.