చేతి నేర్పునకు కలిగిన లోటు

కంటి శస్త్రచికిత్స గ్రంథపఠనముచే అలవడు విద్య కాదు. గురువు పర్యవేక్షణలో పెక్కు కండ్లకు చికిత్స చేసిననే చేయి తిరుగును. 2020 మార్చి 25న దేశమంతట విధింపబడిన లాక్‌డౌనుతో ఈ అభ్యాసమునకు గండి పడినది. నేత్రశిబిరములు ఆగినవి, కంటిపొర ఆపరేషనులు వాయిదా పడినవి, పలువురు విద్యార్థులు కరోనా విధులకు పంపబడిరి. ఆ సంవత్సరమే మన దేశమున 716 మంది నేత్రవైద్య విద్యార్థులను విచారింపగా, నూటికి 80 మందికి పైగా తమ శస్త్రశిక్షణకు నష్టము కలిగినదని తెలిపిరి.

మూడేండ్ల చదువులో పోయిన నెలలు తిరిగి రావు. మేక కండ్లపై చేయు అభ్యాసము కొంత తోడ్పడునే గాని, మనిషి కంటికి సాటి కాదు. పైగా, ఆలస్యమైన కొలది పొర ముదిరి గట్టిపడును. దానిని తీయుటకు మరింత నేర్పు కావలెను. కావున, ఇట్టి విపత్తు మరల వచ్చినచో, గడచిన కాలమును గాక చేసిన ఆపరేషనులను లెక్కించి పట్టములిచ్చు ఏర్పాటును ప్రభుత్వము ఇప్పుడే చేయవలెను.

మన వంతును గలదు. 1976లో మధురలో డాక్టరు జి. వేంకటస్వామిగారు 11 పడకలతో ఆరంభించిన అరవింద నేత్రవైద్యశాల నేడు దేశవిదేశముల వైద్యులకు శిక్షణ నిచ్చుచున్నది. రోగుల నమ్మకమే అట్టి విద్యకు మూలధనము. కెలవరపల్లి మొదలు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన పెద్దలు, నేర్చుకొనువాని చేతికి కన్ను అప్పగించుటకు జంకుట సహజమే. గురువులు దగ్గరనుండి చేయించు బోధనాసుపత్రులకు వారిని తోడ్కొనిపోయి, తెలుగులో వారి సందేహములు తీర్చుట మన సంఘ సభ్యుల విధి. పొర కమ్మిన పెద్దలున్న ఇండ్లవారు సంఘమునకు తెలియజేయ ప్రార్థితులు.