మన తీరాన జరిగిన యుద్ధం మనకే తెలియకపోతే ఎలా?

యుద్ధం అంటే ఎక్కడో కాశ్మీరు కొండల్లో, ఎడారి సరిహద్దుల్లో జరిగేదని మన పల్లెల్లో చాలామంది అభిప్రాయం. విశాఖ తీరం విషయంలో ఆ మాట చెల్లదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి ర్యూజో అనే విమానవాహక నౌక మీదినుంచి లేచి వచ్చినవి. ఆ నాలుగైదు రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరకు ఓడలు జపాను వారి చేతుల్లో మునిగిపోయాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని, పిల్లలను చంకనెత్తుకుని పల్లెల దారి పట్టారు.

రెండేళ్లు తిరగకుండానే మరో సంఘటన. 1944 ఫిబ్రవరి 11న విశాఖకు దక్షిణంగా, తీరానికి కొద్ది మైళ్ల దూరంలో, కొలంబో నుంచి కలకత్తా పోతున్న ఓడల బిడారులో ఆస్ఫాలియన్ అనే బ్రిటిష్ ఓడను ఒక జపాను జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. బిడారుకు కాపలాగా వస్తున్న జమ్నా అనే భారత యుద్ధనౌక, లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ అనే రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి ఆ జలాంతర్గామిని వేటాడి ముంచేశాయి. దాని పేరు ఆర్ ఓ 110. మన బెస్తవారు వలలు వేసే నీళ్లలోనే ఇదంతా జరిగింది. ఈ సంగతి మన జిల్లాలో వందమందిని అడిగితే ఒక్కరైనా చెప్పగలరా అన్నది సందేహమే.

1971 డిసెంబరు 3 రాత్రి విశాఖ రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన సంగతి మాత్రం అందరూ విన్నదే. అయితే ఆ ఘాజీ అమెరికాలో పుట్టిందనీ, 1944లో డయాబ్లో అనే పేరుతో జలప్రవేశం చేసిందనీ, 1964లో పాకిస్తాన్‌కు ఇవ్వబడిందనీ తెలిసినవారు తక్కువ.

ఇవన్నీ పెద్ద పెద్ద గ్రంథాలయాలకు పోయి, బీరువాలు తెరిపిస్తే తప్ప దొరకని విషయాలుగా ఒకప్పుడు వుండేవి. నేడు ఆ పరిస్థితి లేదు. సెల్‌ఫోను వున్న ప్రతి ఇంటికీ ఇవి పైసా ఖర్చు లేకుండా అందుబాటులోకి వచ్చాయి. యూబోట్ డాట్ నెట్ అనే వెబ్‌సైటులో రెండవ ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న మిత్రపక్షాల యుద్ధనౌకల వివరాలు, ఓడ ఓడకూ ఒక పేజీ చొప్పున వున్నవి. జపాను ఓడలు ఏ రోజున ఎక్కడ వున్నదీ కంబైన్డ్ ఫ్లీట్ అనే సైటులో తారీఖుల వారీగా చూడవచ్చు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారు తమ దేశపు పాత వార్తాపత్రికలను ట్రోవ్ అనే పేరుతో ఇంటర్నెట్టులో పెట్టారు. అమెరికా నౌకాదళ చరిత్ర విభాగం వారు తమ ఓడల జీవిత చరిత్రలను పెట్టారు. ఢిల్లీలోని మన జాతీయ అభిలేఖాగారం వారు కూడా అభిలేఖ్ పటల్ అనే పేరుతో పాత దస్త్రాలను ప్రజల ముందుకు తెచ్చారు.

వీటన్నిటిలోకి మన పల్లెలకు ముఖ్యమైనది కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి జాబితా. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు అందులో వున్నవి. అందులో మనవారున్నారు. పేరు, హోదా, నంబరు, చనిపోయిన తేదీ, పని చేసిన ఓడ లేక పటాలం, స్మారక చిహ్నం ఎక్కడ వున్నదీ రాసి వుంటుంది. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా వుంటాయి. ఆనాటి భారత నౌకాదళంలోనూ, సరకు ఓడల మీదా పని చేస్తూ సముద్రంలో కలిసిపోయిన ఆరు వేల పైచిలుకు మందికి సమాధి అంటూ లేదు. వారి పేర్లను ఒక పుస్తకంలో రాసి బొంబాయిలో ఒక ప్రతి, చిట్టగాంగ్‌లో ఒక ప్రతి వుంచారు. ఆ పేర్లు కూడా ఈ జాబితాలో వెతకవచ్చు. "మా తాత ఓడ మీదికి పోయాడు, మళ్లీ రాలేదు" అని తరతరాలుగా చెప్పుకుంటూ, అంతకు మించి ఏమీ ఎరుగని కుటుంబానికి ఒక తేదీ, ఒక ఓడ పేరు దొరకడం చిన్న సంగతి కాదు.

వెతికేటప్పుడు ఒక్క కిటుకు తెలిసివుండాలి. దొరలు మన పేర్లను తమ నోటికి పలికినట్లు రాసుకున్నారు. నేటి స్పెల్లింగులతో వెతికితే ఏమీ దొరకదు, లేదనుకుని వదిలేస్తాము. విశాఖపట్నం అప్పుడు 'విజగపటం'. కాకినాడ 'కొకనాడ'. భీమునిపట్నం 'బిమ్లిపటం'. యమున 'జమ్నా'. కృష్ణ అయితే కె, ఐ, ఎస్, టి, ఎన్, ఎ. ఇంటిపేరు, సొంత పేరు తారుమారు కావడం కూడా మామూలే. కనుక ఒకే పేరును నాలుగు విధాల రాసి వెతకాలి.

మన నదుల పేర్లు గల ఓడల చరిత్ర కూడా ఇలాగే బయటపడుతుంది. గోదావరి, కృష్ణ అనే పేర్లతో రెండు యుద్ధనౌకలు 1943లో ఆనాటి భారత నౌకాదళంలో చేరాయి. ఆ గోదావరి 1944 ఆగస్టు 12న సెషెల్స్ దీవుల సమీపంలో ఫిండ్‌హార్న్ అనే బ్రిటిష్ ఓడతో కలిసి జర్మనీ వారి యు 198 జలాంతర్గామిని ముంచింది. దేశ విభజనలో ఆ గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి సింద్ అయింది. కృష్ణ మనకు మిగిలింది. గోదావరి పేరుతో మనం కట్టుకున్న మరో యుద్ధనౌక 1983లో చేరి 2015లో విరమించింది. పాఠ్యపుస్తకంలో ఈ నాలుగు ముక్కలు వుంటే పిల్లలు చరిత్ర అంటే ఆవులిస్తారా?

అయితే ఇంటర్నెట్టులో కనిపించినదల్లా వేదవాక్కు అనుకోవడం పొరపాటు. ఘాజీ సంగతే చూడండి. రాజ్‌పుత్ అనే మన ఓడ దానిని ముంచిందని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడో, తాము పరిచిన మైనో కారణమని పాకిస్తాన్ వారంటారు. 1942 నవంబరు 11న బెంగాల్ అనే చిన్న భారత నౌక, ఒండినా అనే డచ్చి ట్యాంకరు కలిసి తమకంటే పెద్దవైన రెండు జపాను సాయుధ నౌకలను ఎదిరించాయి. వాటిలో హొకోకు మారు అనేది మునిగిపోయింది. అది ఎవరి గుండు తగిలి మునిగిందన్న దాని మీద నేటికీ తగాదా తీరలేదు. డచ్చి వారు మా గుండేనంటారు, మనవారు మా గుండేనంటారు. ఇద్దరి మాటా చదివి, తేదీలు సరిచూసుకుని, ఏది ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకోవాలి. పంచాయితీలో ఇరుపక్షాల మాటా విననిదే తీర్పు చెప్పని పెద్దమనిషి పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి పుకారునూ పదిమందికి పంపించే మన యువకులకు ఈ అలవాటు ఎంతైనా అవసరం.

ఇక అసలు లోటు సంగతికి వస్తాము. పైన చెప్పిన సైటులలో దాదాపు అంతా ఇంగ్లీషు. ఓడ ఎన్ని టన్నులో, ఫిరంగి ఎన్ని అంగుళాలో, కెప్టెను ఎవరో అందులో వుంటుంది. 1942లో విశాఖ నుంచి పరుగెత్తి వచ్చినవారికి ఏ ఊరు గంజి పోసింది, ఎవరి పశువుల శాలలో తలదాచుకున్నారు, బాంబుల భయంతో వలలు మడిచి పెట్టిన బెస్త కుటుంబాలు ఎలా బతికాయి అన్నది అందులో దొరకదు. అది మన పల్లెల్లో, ముసలివారి నోళ్లలో మాత్రమే వున్నది. ఆనాడు పదేళ్ల పిల్లలుగా వున్నవారికి నేడు తొంభై దాటింది. వారితో పాటు ఆ మాట కూడా పోతే మళ్లీ ఏ సైటూ తెచ్చి ఇవ్వలేదు.

కాబట్టి చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ వారు ప్రతి శాఖలోనూ వారానికి ఒక గంట కేటాయించి, ఈ జాబితాలు ఎలా వెతకాలో చదువరులకు చూపించాలి. పాత స్పెల్లింగుల పట్టిక ఒకటి తయారు చేసి గోడకు అంటించాలి. హైస్కూలు ఉపాధ్యాయులు పిల్లల చేత తమ ఊరి పేరుతో వెతికించి, దొరికినది తెలుగులో రాయించాలి. అదే పిల్లలను ఊళ్లోని వృద్ధుల దగ్గర కూర్చోబెట్టి, వారు చెప్పినది చెప్పినట్టు, చెప్పినవారి పేరూ తేదీతో సహా నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. ఇంట్లో పాత పతకం, డిశ్చార్జి కాగితం, ఓడ మీద తీయించుకున్న ఫొటో వున్నవారు వాటిని పాత సామాన్ల వాడికి వేయకుండా దాచాలి. పతకం అంచున పేరు, నంబరు చెక్కి వుంటే రాసి పెట్టుకోవాలి. యుద్ధం నుంచి బతికి వచ్చినవారి పేర్లు పైన చెప్పిన జాబితాలో వుండవు గనుక, వారి విషయంలో ఇవే ఆధారాలు.

విశాఖ సముద్రపు ఒడ్డున కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి ప్రదర్శనశాలగా వుంచారు. స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చి, ఒక తలుపులోంచి దూరి మరో తలుపులోంచి బయటపడి, ఐస్‌క్రీము తిని వెళ్లిపోతున్నారు. వచ్చే ముందు ఒక్క గంట చదివించి, వెళ్లాక ఒక్క పేజీ రాయిస్తే ఆ ప్రయాణపు ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

మన తీరాన జరిగిన యుద్ధాన్ని ఆస్ట్రేలియా వారు రాసుకున్నారు, ఇంగ్లీషు వారు రాసుకున్నారు. తమ ఓడలు ఎక్కడ మునిగినదీ జపాను వారికీ లెక్కే. ఒడ్డున నిలబడి చూసినవారు మనవారు. మన వంతు రాత ఇంకా మిగిలే వున్నది. విద్యాశాఖ, గ్రంథాలయ సంస్థ అధికారులు ఈ విద్యా సంవత్సరంలోనైనా ఈ పనికి పూనుకోవాలి. వారు కదిలేదాకా ఆగనక్కరలేదు. ఊరికి ఒక నోటుపుస్తకం, చదువుకున్న ఒక కుర్రవాడు వుంటే ఆదివారం నాడే మొదలుపెట్టవచ్చు.