గోడ కూలాక... వకీలు దగ్గరికి వెళ్లేముందు

2020 నవంబరులో నివర్ తుపాను, మరుసటి ఏడాది అదే నెలలో పెన్నా వరద, 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచౌంగ్. నెల్లూరు జిల్లాకు ఈ విపత్తులు కొత్త కాదు. మెట్ట ప్రాంతమైన మన కలిగిరిలోనూ నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టిగోడలు నాని కూలుతాయి. వెంటనే వకీలు దగ్గరికి పరుగెత్తేవారున్నారు. వెళ్లడం మంచిదే. కాని ఉత్తచేతులతో వెళితే ప్రయోజనం ఉండదు.

ముందు తేల్చుకోవలసింది నష్టానికి బాధ్యులెవరన్నది. ప్రకృతి వైపరీత్యానికి ప్రభుత్వమిచ్చేది సహాయం. బీమా కంపెనీ చెల్లించవలసింది ఒప్పందపు సొమ్ము. పక్కవారు పునాది తవ్వినందువల్ల మన గోడ పడితే వారిని అడగవలసింది నష్టపరిహారం. మూడింటికీ దారులు వేరు, గడువులు వేరు. బీమా వివాదంపై వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లాలి. సివిల్ దావాకు సాధారణంగా మూడేళ్లు. ప్రభుత్వంపై దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

సహాయంలోనూ ఒక్క మాటతో ఎంతో తేడా వస్తుంది. 2022లో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అందుకే శిథిలాలు ఎత్తివేయకముందే ఫోటోలు తీయించాలి. అధికారులు రాసుకున్న నివేదిక నకలు అడగాలి. దస్తావేజు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు, బీమా పత్రం, మరమ్మతు అంచనా, ఏ రోజు ఏం జరిగిందో రాసిన ఒక కాగితం సిద్ధం చేసుకోవాలి. వకీలుకు జిరాక్సులిచ్చి అసలు పత్రాలు మన దగ్గరే ఉంచుకోవాలి. ఫీజు ఎంత, ఎంతకాలం పడుతుంది, గెలిచే అవకాశమెంత అని మొహమాటం లేకుండా అడగాలి. మనకు ప్రతికూలమైన సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

మన కుటుంబాలలో మరో చిక్కుంది. ఇల్లు ఇప్పటికీ ఏనాడో గతించిన తాతగారి పేరుమీదే ఉంటుంది. అక్కచెల్లెళ్ల వాటా తేలదు. అటువంటప్పుడు సొమ్ము ఎవరి పేరున రావాలన్న ప్రశ్న దగ్గరే వ్యవహారం ఆగిపోతుంది. తుపాను కూల్చింది గోడనే. హక్కును బలహీనపరచింది మన అశ్రద్ధ.

వకీలు, వకాల్తా, దస్తావేజు, రసీదు, నకలు, ఫిర్యాదు... ఇవన్నీ ఉర్దూ, ఫార్సీల ద్వారా తెలుగులో కలిసిపోయిన మాటలే. మాటలు మన ఇళ్లలో ఉన్నాయి, కాగితాలే లేవు! అప్పు లావాదేవీలను సాక్షుల ఎదుట రాసిపెట్టుకోమని బోధించే సూరె బఖరా 282వ ఆయతు దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. దానిని పారాయణం చేసే మనమే రాతకోతలను నిర్లక్ష్యం చేయడం విచారకరం.

ఫీజుకు డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వరద వంటి విపత్తుల బాధితులకు, స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

ఈ జుమా నమాజు తర్వాత ఇంటికి వెళ్లి ఒక్కసారి ఆ పాత ట్రంకుపెట్టె తెరవండి. ఇల్లు ఎవరి పేరున ఉందో చూడండి. వచ్చే వానాకాలానికి ముందు చేయవలసిన మొదటి మరమ్మతు అదే.